గొంతు కోస్తున్నారు

ఘంటసాల గొంతు మీద చెయ్యి వేసే హక్కు మీకెవరిచ్చారు? డీజేలను అడుగుతున్నాను. వాళ్లకు పాటలు కలిపి పంచేవాళ్లను అడుగుతున్నాను. పాత పాటల హక్కులు బీరువాలో పెట్టుకుని చోద్యం చూస్తున్న ఆడియో కంపెనీలను అడుగుతున్నాను. ఊరేగింపుకు బయానా ఇచ్చి మరీ ఇదంతా పిలిపించుకుంటున్న మన ఊరి పెద్దలనూ అడుగుతున్నాను. మొహమాటానికి పోయి ఇంతకాలం ఊరుకున్నాం. ఇక ఊరుకోకూడదు.

మా విస్సన్నపేటలో మాఘమాసం వచ్చిందంటే రాత్రిపూట నూజివీడు రోడ్డు మీద దారి దొరకదు. ట్రాలీ మీద రెండు వరసల బాక్సులు, వెనక జనరేటరు, ముందు తిరిగే లైట్లు, వాటి మధ్య ల్యాప్‌టాప్ పట్టుకుని నిలబడ్డ ఒక కుర్రాడు. పెళ్లికొడుకు కారు ఎక్కడో వెనకబడి ఉంటుంది. కొత్త పాటలు వేసినంతసేపూ నాకే పేచీ లేదు. చిందెయ్యడానికి కట్టిన పాటకు చిందేస్తారు, అది న్యాయమే. కానీ ఉన్నట్టుండి ‘మాయాబజార్’ పడవ పాట మొదలవుతుంది. ఘంటసాల, పి.లీల. పల్లవిలో మొదటి మాట నోరు దాటకముందే దాని నెత్తిన ధబ్బుమని ఒక దెబ్బ. ఇక అది ఆగదు. ఘంటసాల మోహన రాగంలో నిదానంగా సాగదీసిన అక్షరం సగంలో తెగిపోయి, ఆ తెగిన ముక్కే నాలుగుసార్లు గిర్రున తిరిగొస్తుంది. లీల గొంతును పై స్థాయికి గుంజేసరికి పసిపిల్ల ఏడుపులా వినిపిస్తుంది. చరణం ఉండదు, చరణంతో వాళ్లకు పని లేదు. ఆ పైన ఒక మగగొంతు ఇంగ్లీషు యాసలో డీజే పేరు అరుస్తుంది. పాట అయిపోయేలోగా ఆ పేరు మళ్లీ అరుస్తుంది, మళ్లీ అరుస్తుంది. పాట రాసిన పింగళి నాగేంద్రరావు పేరు ఒక్కసారి కూడా రాదు. పాడిన ఇద్దరి పేర్లూ రావు.

పాట ఆగాక ఆ కుర్రాణ్ణి అడిగాను, “ఇది ఎవరు పాడారు నాయనా?” అని. “పాత పాటండి బాబాయ్. మిక్స్ మాత్రం కొత్తదే” అన్నాడు. ల్యాప్‌టాప్ నా వైపు తిప్పి చూపించాడు. ఫైలు పేరులో డీజే పేరుంది, ఊరి పేరుంది, రోడ్‌షో మిక్స్ అని ఉంది. సినిమా పేరు లేదు. వాడి మీద నాకు కోపం లేదు. పెన్‌డ్రైవ్‌లో వచ్చింది వేశాడు, కూలి తీసుకుని తెల్లవారుజామున ఇంటికి పోయాడు. ఆ ఫైలును ఆ పేరుతో తయారుచేసినవాడి మీద నా కోపం.

ఈ పాటలు మాకు రేడియోలో వచ్చాయి. విజయవాడ కేంద్రం వివిధభారతిలో జనరంజని వింటూ పెరిగిన ఏ మనిషినైనా అడగండి. పాటకు ముందు చిత్రం పేరు, పాడినవారు, రాసినవారు, సంగీతం కూర్చినవారు వరసగా చెప్పేవారు. ఆ తర్వాతే పాట. చదువురాని రైతుకూలీ కూడా మామిడితోటలో కాయలు కోస్తూ, “ఇది పెండ్యాల బాణీ” అని చెప్పగలిగేవాడంటే ఆ పేర్ల వల్లే చెప్పగలిగేవాడు. పేరు చెప్పడానికి పట్టేది కొన్ని సెకన్లు. తన పేరు అన్నిసార్లు అరిపించుకున్న డీజేకు ఆ కొన్ని సెకన్లు లేవంటే నేను నమ్మను. పేరు మరిచిపోయి వదిలెయ్యలేదు, కావాలనే తీసేశారు. పాట తనదిగా చలామణీ కావాలంటే అసలువాళ్లు కనపడకూడదు కదా.

పైగా ఎవరి పేర్లు తీసేస్తున్నారో చూడండి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టేదాకా ఘంటసాలదీ మాదీ ఒకటే కృష్ణా జిల్లా. ఆయన 1922 డిసెంబరు 4న గుడివాడ దగ్గరి చౌటపల్లిలో పుట్టారు. ‘జగదేకవీరుని కథ’లో శివశంకరి పాటకు ప్రాణం పోసిన పెండ్యాల నాగేశ్వరరావుదీ ఆ కృష్ణా జిల్లాయే. సంగీత దర్శకుడు రమేష్ నాయుడిది కొండపల్లి, అది విడగొట్టాక కూడా మాతోపాటే ఎన్టీఆర్ జిల్లాలో ఉంది. విజయనగరం వెళ్లి పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర సంగీతం నేర్చుకోవడానికి ఘంటసాల పడ్డ కష్టాలు మనవాళ్లు కథలుగా చెప్పుకున్నారు. ఈ ఊళ్ల మట్టిలోంచి పైకొచ్చిన గొంతును ఈ ఊళ్ల రోడ్ల మీదే అనాథను చేశారు.

నేను కొత్తదనానికి అడ్డం పడుతున్నానని ఎవరైనా అంటే వాళ్లకు నా జవాబు ఇది. పాత పాటను మళ్లీ పాడండి. వంద రకాలుగా పాడండి. గిటారు పెట్టుకుని పాడండి, డ్రమ్ములు పెట్టుకుని పాడండి, జాజ్ చేసుకోండి, రాక్ చేసుకోండి. మీ ఊపిరి పెట్టండి, మీ గొంతు పెట్టండి, తప్పు పాడితే మీ తప్పు, ఒప్పు పాడితే మీ ఒప్పు. అంతేగానీ చచ్చిపోయిన మనిషి ఊపిరిని తీసుకొచ్చి ముక్కలు చేసి మీ దరువుకు మేకులతో కొట్టకండి. మళ్లీ పాడటం వేరు, గొంతు కోయడం వేరు.

ఆ కాలం పాటలు మాత్రం అరువు తెచ్చుకోలేదా అని ఒక వాదన ఉంది. తెచ్చుకున్నారు. హిందీ బాణీలు తెచ్చుకున్నారు, బెంగాలీ బాణీలు తెచ్చుకున్నారు, ఇంగ్లీషు బాణీలూ తెచ్చుకున్నారు. ‘మాయాబజార్’లోనే ఘటోత్కచుడి వివాహభోజనం పాటకు సురభి నాటకాల్లో వేళ్లున్నాయి. కానీ ఏం చేశారు? వాద్యగాళ్లను కూర్చోబెట్టి మళ్లీ వాయించారు. మాధవపెద్ది సత్యం తన కంఠంతో, తన నవ్వుతో పాడారు. పాత రికార్డు తెచ్చి దాని మీద డప్పు కొట్టి, పైన తన పేరు అరవలేదు. కీరవాణి సంగతే చూడండి. 1992లో ‘ఘరానా మొగుడు’కు తానే కట్టిన బంగారు కోడిపెట్ట పాటను 2009లో ‘మగధీర’ కోసం తానే మళ్లీ కట్టారు. తన ఇంటిని తాను పడగొట్టి కట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. 2020లో ‘ఢిల్లీ-6’ పాటను వేరేవాళ్లు రీమిక్స్ చేసినప్పుడు ఎ.ఆర్.రెహమాన్ బహిరంగంగానే అసంతృప్తి చెప్పారు. ఆయన బతికున్నారు గనక చెప్పగలిగారు. ఘంటసాల 1974 ఫిబ్రవరి 11న పోయారు. పింగళి అంతకు ముందే, 1971లో. లీల 2005లో. నోరులేని వాళ్ల మీదే ఈ ప్రతాపమంతా.

ఈ కోత ఎలా జరుగుతుందో ఊళ్లో చాలామందికి తెలియదు. తెలిస్తే కోపం వస్తుంది, రావాలి. ఆ రోజుల్లో మద్రాసు స్టూడియోల్లో పాట రికార్డు చేయడమంటే గాయకులూ వాద్యబృందమూ ఒకే హాల్లో, ఒకేసారి. ఎవరు తప్పినా అందరూ మొదటినుంచి. గొంతు ఒక టేపులో, వీణ ఇంకో టేపులో విడిగా లేవు. అంతా కలిసి ఒకటే. గాయకుడు ఒక అక్షరం మీద కాస్త ఆగితే తబలా ఆగింది, వయొలిన్లు ఆగాయి. అందుకే ఆ పాటల్లో నడక గడియారం నడక కాదు. మనుషులు ఒకరినొకరు చూసుకుంటూ నడిచిన నడక. చాలా ఏళ్లపాటు ఆ పాటలను కాపాడింది కూడా ఇదే. గొంతును విడదీయడం ఎవరికీ చేతకాలేదు.

2019లో డీజర్ అనే ఫ్రెంచి కంపెనీ స్ప్లీటర్ అనే సాఫ్ట్‌వేరును ఉచితంగా విడుదల చేసింది. తర్వాత అలాంటివి చాలా వచ్చాయి. పాటను అందులో వేస్తే యంత్రం తాను నేర్చుకున్న లెక్కతో దాన్ని నాలుగు గంపల్లో పోస్తుంది: గాత్రం ఒకటి, డ్రమ్స్ ఒకటి, బేస్ ఒకటి, నాలుగోది ‘మిగతావి’. పాశ్చాత్య సంగీతం మీద పెరిగిన యంత్రం గనక దానికి తెలిసిన గంపలు అవే. సాలూరి రాజేశ్వరరావు గారి పాటలో సితారు ఎక్కడికి పోతుంది? మిగతావి. వేణువు? మిగతావి. వీణ, సారంగి, జలతరంగం? మిగతావి, మిగతావి, మిగతావి. ఆ గంపను మా రోడ్‌షో మిక్స్ వాడు ఏం చేస్తాడు? తీసి పారేస్తాడు. గొంతు మాత్రం ఉంచుకుని, దాని కింద నిమిషానికి సుమారు 130 దెబ్బల దరువు పరుస్తాడు. ‘మల్లీశ్వరి’కి, ‘మిస్సమ్మ’కు సంగీతమిచ్చిన మనిషి చేసిన పనంతా నాలుగో గంపలోంచి చెత్తబుట్టలోకి పోయింది. ఆయన పాట సగం గొంతు, సగం వాద్యం. గొంతు అడుగుతుంది, సితారు జవాబిస్తుంది. జవాబు తీసేసి ప్రశ్న ఒక్కటే మిగిల్చి దాన్ని పాట అంటే ఎలా ఒప్పుకోను?

ఇంకొక మెట్టు ఉంది. మనుషుల నడకలో సాగిన గొంతు యంత్రం దరువుకు అతకదు. కాబట్టి దాన్ని ముక్కముక్కగా కోసి, ఒక్కో ముక్కను లాగో నొక్కో గీతల మీద కూర్చోబెడతారు. శివశంకరి పాట దర్బారీ కానడ. ఆ రాగంలో గాంధారం నిలబడదు, ఊగుతుంది. ఊగే తీరులోనే ఆ రాగం ఉంది. శ్రుతి సరిచేసే సాఫ్ట్‌వేరు ఆ ఊపును తప్పనుకుంటుంది. దాన్ని పట్టి నిటారుగా నిలబెడుతుంది. 1961లో ఘంటసాల తన జన్మలో నేర్చినదంతా పోసి ఊపిన స్వరాన్ని ఒక యంత్రం తప్పుగా దిద్దింది. ఆ దిద్దినదాన్ని మన పిల్లలు శివశంకరి అనుకుంటున్నారు. నాకు నిద్రపట్టనివ్వనిది ఈ ఒక్క సంగతే.

మాట సంగతి కూడా చెప్పాలి. డీజే మిక్సుల్లో సైడ్‌చెయిన్ అని ఒక ఏర్పాటు వాడతారు. కిందినుంచి దెబ్బ పడ్డ ప్రతిసారీ మిగతా ధ్వని తగ్గాలని దాని నియమం. అంటే దెబ్బ పడ్డప్పుడల్లా గొంతు తల వంచాలి. మన పాటల్లో మాట ఎక్కువగా ఎక్కడ మొదలవుతుంది? తాళం దెబ్బ మీద. అంటే సరిగ్గా మాట మొదటి హల్లునే ఆ దెబ్బ మింగేస్తుంది. ఒత్తును ఒత్తుగా, ళకారాన్ని ళకారంగా, అనుస్వారాన్ని ఎంత మోగాలో అంతే మోగించిన గొంతు ఘంటసాలది. తెలుగు ఎలా పలకాలో బడి చెప్పలేనిది మాకు ఆ గొంతు చెప్పింది. ఇవాళ ఊరేగింపులో అచ్చులే మిగిలాయి, హల్లులు లేవు. ఇంట్లో తెలుగు తగ్గింది, బడిలో తెలుగు తగ్గింది, ఆఖరుకు తెలుగు పాటలోనూ తెలుగు తగ్గించారు.

లోకంలో ఇది మనకొక్కరికే వచ్చిన సమస్య కాదు. అమెరికాలో జాజ్ గాయనుల పాత పాటలకూ ఎలక్ట్రానిక్ రీమిక్సులు వచ్చాయి. వెర్వ్ అనే జాజ్ కంపెనీ 2002లో తన పాత టేపులను డీజేల చేతికిచ్చి ‘వెర్వ్ రీమిక్స్‌డ్’ అని ఆల్బమ్ తెచ్చింది. బిల్లీ హాలిడే, నీనా సిమోన్, ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్, డైనా వాషింగ్టన్ పాటలున్నాయి అందులో. అవి విని నేను ముగ్ధుణ్ణి కాలేదు. బిల్లీ హాలిడే తాళానికి కాస్త వెనకబడి పాడుతుంది. ఆ వెనకబాటులోనే ఆవిడ దుఃఖమంతా ఉంది. యంత్రం దరువు పక్కన పెట్టగానే ఆ దుఃఖం పలచబడిపోయింది. అయినా ఆ కంపెనీకి నేను దండం పెడతాను. ఎందుకంటే, ప్రతి పాట దగ్గరా ముందు గాయని పేరు వేసి, ఆ తర్వాతే రీమిక్స్ చేసినవాడి పేరు వేశారు. దాంతోపాటే ‘వెర్వ్ అన్‌మిక్స్‌డ్’ అని ఇంకో డిస్కు తెచ్చారు. అదే పాటలు, కత్తి పడని అసలు రూపంలో. కొత్తది విని కుతూహలం పుట్టినవాడికి పాతది చేతికందే దూరంలో ఉంది. ఇరవయ్యేళ్లు దాటింది. మన దగ్గర ఒక్క కంపెనీ, ఒక్క డీజే ఆ పని చేశారా?

జాజ్ అన్నాను గనక ఒక తెలుగు పాట సంగతి చెప్పకుండా ఉండలేను. 1973లో వచ్చిన ‘దేవుడు చేసిన మనుషులు’లో ఎల్.ఆర్.ఈశ్వరి పాడిన మసక మసక చీకటిలో పాట. రమేష్ నాయుడు సంగీతం. క్లబ్బు పాటే, ఊపున్న పాటే. అయినా ఇదొక్కటే ఇవాళ్టి డీజేకు బుద్ధి చెప్పగలదు. ఈశ్వరి గొంతు ఒకచోట గుసగుసలాడుతుంది, ఒకచోట ఊరిస్తుంది, ఒకచోట విరుచుకుపడుతుంది. గొంతు తగ్గినప్పుడు బ్యాండు తగ్గింది, పెరిగినప్పుడు పెరిగింది. చిందులేయించే పాటలో కూడా నిశ్శబ్దానికి చోటుంచిన పనితనం అది. దాన్నే బాక్సుల్లో రీమిక్సుగా వినండి. గుసగుసా అరుపే, అరుపూ అరుపే. చిందుకోసమే పుట్టిన పాటకు కూడా చిందు నేర్పలేక, ఉన్న చిందును చెడగొట్టారు. ‘మేఘసందేశం’కు జాతీయ అవార్డు తెచ్చిన సంగీత దర్శకుడు, మా కొండపల్లి బిడ్డ, ఆయన పాటకు ఆయన జిల్లాలోనే ఈ గతి.

చప్పుడు ఎక్కువైందన్న ఫిర్యాదు వేరు. దానికి రాత్రి పది దాటితే మైకు కూడదన్న నిబంధన 2000 సంవత్సరం నుంచీ ఉంది, పోలీసులున్నారు. 2024 అక్టోబరులో హైదరాబాదు పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను ఆపేశారు కూడా. నేను మాట్లాడేది చెవుల గురించి కాదు. చిన్న ఫోనులో, చిన్న శబ్దంతో విన్నా ఆ కోత కోతే.

చట్టం ఏమంటోంది? పెళ్లి ఊరేగింపులో పాట వేసుకోవడం తప్పు కాదని కాపీరైట్ చట్టం 52వ సెక్షనే చెబుతోంది. బాగుంది, వేసుకోండి. కానీ వేసుకోవడానికి ఇచ్చిన మినహాయింపు కోయడానికి ఇచ్చిన మినహాయింపు కాదు. రికార్డింగు మీద హక్కు మన దేశంలో 60 ఏళ్లు. 1957 నాటి ‘మాయాబజార్’ రికార్డులకు ఆ గడువు 2017తో తీరిపోయింది. దీన్ని పట్టుకుని ‘పాత పాటలు ఫ్రీ’ అని ప్రచారం చేస్తున్నారు. ఇది సగం నిజం. పాటలోని మాటకు, బాణీకి గడువు వేరు. అది రచయిత పోయాక 60 ఏళ్లు. పింగళి మాటకు 2031 దాకా, ఘంటసాల కట్టిన బాణీకి 2034 దాకా రక్షణ ఉంది. అన్నిటికీ మించి 57వ సెక్షన్ ఉంది. హక్కులు అమ్మేసినా సరే, తన కృతిని తన గౌరవానికి భంగం కలిగేలా వికృతం చేస్తే రచయిత అడ్డుకోవచ్చు. ఇది నా కృతి అని చెప్పుకునే హక్కు కూడా అందులోనే ఉంది. ఆయన లేకపోతే వారసులు అడగవచ్చు. విజ్ఞాన్ భవన్ గోడ మీది శిల్పాన్ని 1979లో పీకేసి గోదాములో పడేస్తే, శిల్పి అమర్‌నాథ్ సెహగల్ కోర్టుకెళ్లి పోరాడారు. 2005లో ఢిల్లీ హైకోర్టు ఆ శిల్పాన్ని ఆయనకు తిరిగిచ్చి, పరిహారంగా అయిదు లక్షలు కట్టమని ప్రభుత్వాన్ని ఆదేశించింది. కంచుకు ఉన్న గౌరవం కంఠానికి లేదా?

మళ్లీ పాడుకోవాలనుకునేవాళ్లకు దారి ఉంది. 2012 సవరణతో వచ్చిన 31సి సెక్షన్ ప్రకారం, పాట వచ్చి అయిదేళ్లు దాటాక హక్కుదారుకు ముందే తెలిపి, రాయల్టీ ముందే కట్టి, ఇది కవర్ అని స్పష్టంగా చెప్పి కొత్తగా రికార్డు చేసుకోవచ్చు. సాంకేతికంగా తప్పనిసరైతే తప్ప మాటనూ బాణీనీ మార్చకూడదు. చట్టం రాసినవాళ్లకు కూడా తెలుసు, పాడటం వేరు, చెడగొట్టడం వేరని. ఆ దారి వదిలేసి కత్తి ఎందుకు పట్టుకున్నారంటే, ఆ దారిలో గాయకుడు కావాలి, వాద్యగాళ్లు కావాలి, సాధన కావాలి. తిరువూరు, నూజివీడు, మైలవరం చుట్టూ ఒకప్పుడు పెళ్లిళ్లకు వాయించిన బ్యాండు మేళాలు ఏమయ్యాయి? క్లారినెట్‌తో ఘంటసాల పాట ఎత్తుకుంటే వీధి వీధంతా కూడా పాడేది. ఆ వాయించే మనిషి తప్పు వాయించినా అందులో పాట మీద భక్తి ఉండేది. ఆ మనుషులకు పని పోయింది. వాళ్ల పొట్ట కొట్టిన యంత్రానికే ఇవాళ మనం రాత్రికి వేలు పోస్తున్నాం.

ఆడియో కంపెనీలకు ఒక మాట. మీ దగ్గర అసలు టేపులున్నాయి. వాటిని శుభ్రం చేసి, గీతలు తీసేసి, పూర్తి పాటను పూర్తి వివరాలతో అందుబాటులో పెట్టండి. చరణాలు కత్తిరించొద్దు. రాసినవారి పేరు మొదట పెట్టండి. ఎవరైనా రీమిక్స్ చేస్తామని వస్తే వెర్వ్ చేసినట్టు అసలు పాటను పక్కనే పెట్టమని షరతు రాయించుకోండి. రాయించుకోకుండా ఇచ్చిన ప్రతి అనుమతిలో మీకూ వాటా ఉంది.

విస్సన్నపేట పెద్దలకు ఒక మాట. డీజేతో బేరం ఆడేటప్పుడు బాక్సులెన్ని, లైట్లెన్ని అని అడుగుతారు. ఘంటసాల, లీల, సుశీల, జిక్కి, భానుమతి పాటల మీద రీమిక్స్ వేస్తే డబ్బు ఇవ్వమని కూడా చెప్పండి. పాత పాట కావాలంటే పాతదే వేయమనండి, మొదలుపెట్టే ముందు మైకులో పేర్లు చెప్పమనండి. వచ్చే వినాయక చవితి కమిటీలతో ఈ మాట నేను ఇంటింటికీ తిరిగి చెబుతాను. ఊళ్లో ఎవరైనా క్లారినెట్ వాయించేవాళ్లు మిగిలి ఉంటే ముందు వాళ్లకు బయానా ఇవ్వండి.

చివరగా, ఆ మహానుభావుల వారసులకు. మీ తాతగారి పాటను కోసినవాడు తన పేరు దాచుకోలేదు. పాటలోనే పదిసార్లు అరిపించుకున్నాడు. పట్టుకోవడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. 57వ సెక్షన్ మీ చేతిలో ఉంది. నోటీసు పంపండి.